ఆరుగురు పిల్లలు, నాలుగు నుంచి ఏడేళ్ళ వయసు: చేత్తో చేయించే ఏ పనైనా పది నిమిషాల్లో అయిపోతోంది

కాలవగట్టు
విజయవాడలో చిన్న ఇంటిబడి. పిల్లలు ఆరుగురు: ఇద్దరికి 4, ఒకరికి 5, ఇద్దరికి 6, ఒకరికి 7. వారానికి మూడు రోజులు, పొద్దున 8 నుంచి 10:30 దాకా. పుస్తకం తక్కువ, చేతిపని ఎక్కువ ఉండాలని అనుకున్నాం. ముందురోజు గంటసేపు కూర్చుని అన్నీ సర్దితే పిల్లలు పది నిమిషాల్లో ముగించి "ఇంకేంటి?" అంటున్నారు. వంటసోడా అగ్నిపర్వతం చేస్తే కేకలు వేశారు, ఇంకా పొయ్యమన్నారు, అంతే. మైదా ముద్ద మర్నాటికే జిగురు పట్టింది. ఏడేళ్ళ పిల్లకి విసుగు, నాలుగేళ్ళవాళ్ళకి ప్రతిదీ నోట్లో పెట్టుకోవాలి. కిట్లు కొనే ఉద్దేశం లేదు. ఏం చేయించాలో, ఎలా చేయించాలో కాస్త వివరంగా చెప్పండి.

చింతపిక్క
అగ్నిపర్వతంలో పిల్లలు చేసేదేముంది? పొంగడం చూడటమే. అదే సామానుతో బుడగ చేయించండి. ఒకే కొలత ఉన్న చిన్న సీసాలు మూడు, ఒక్కోదాంట్లో 50 మి.లీ. వెనిగర్. మూడు బుడగల్లో అర టీ చెంచా, ఒకటి, రెండు చెంచాల వంటసోడా. బుడగ మూతి సీసాకి తొడిగి, ఆ తర్వాత పైకెత్తి సోడా లోపలికి దులపాలి. దులిపే ముందే "ఏది పెద్దదవుతుంది?" అని అడగండి. రెండు చెంచాలదే అంటారు అందరూ. కాదు. ఒకటిదీ రెండుదీ దాదాపు సమానంగా ఆగుతాయి, ఎందుకంటే అక్కడికి వెనిగర్ అయిపోయింది. అడుగున తెల్లగా మిగిలిన సోడా చూపించి, దానిమీద ఇంకాస్త వెనిగర్ పోస్తే మళ్ళీ పొంగుతుంది. ఏడేళ్ళ పిల్ల అప్పుడు లేచి కూర్చుంటుంది చూడండి.

కొత్త బుడగని ముందు రెండుసార్లు ఊది సాగదీయాలి, లేకపోతే బిగుసుకుని సరిగా ఉబ్బదు. సోడా వెయ్యడానికి కాగితాన్ని గొట్టంలా చుట్టుకోండి. గరాటు తడిగా ఉంటే సోడా అక్కడే అంటుకుపోతుంది.

పటమట_అమ్మమ్మ
చింతపిక్క గారు చెప్పిన బుడగ బాగుంది గానీ అగ్నిపర్వతాన్ని అంత తీసిపారేయకండి. మొదటి రోజు పిల్లలు అరవాలి, మళ్ళీ మళ్ళీ పొయ్యాలి. నాలుగేళ్ళవాడికి చెంచాతో సోడా ఎత్తి ఒలకకుండా వెయ్యడమే పెద్ద చదువు. కొలతల సంగతి రెండో రోజుకి. పది నిమిషాల్లో అయిపోతోందని కంగారుపడి మర్నాడు కొత్తది పెడుతున్నారు, చిక్కంతా అక్కడే. అదే పని, అదే పళ్ళెం, వారం పాటు ఉంచండి.

నల్లరేగడి
మైదా ముద్ద జిగురు పట్టడానికి కారణం ఉప్పు. గాలిలో తేమని లాగేస్తుంది. ఆషాఢం నుంచి దసరా దాకా మన దగ్గర ఇది తప్పదు. పచ్చిగా కలిపిన ముద్ద అసలు నిలవదు, ఉడికించాలి. మైదా 2 కప్పులు, మెత్తని ఉప్పు 1 కప్పు, నీళ్ళు 2 కప్పులు, నూనె 2 పెద్ద చెంచాలు, నిమ్మరసం 2 పెద్ద చెంచాలు. అన్నీ చల్లగా ఉండగానే ఉండల్లేకుండా కలిపి, సన్న మంట మీద అడుగంటకుండా తిప్పుతూ ఉండాలి. గిన్నెని వదిలి ముద్దగా వచ్చాక దించి, చెయ్యి పట్టగలిగే వేడికి రాగానే బాగా మర్దించాలి. అప్పుడు మెత్తబడుతుంది. కల్లుప్పు వద్దు, కరగదు, గరగరలాడుతుంది, చేతికి గీతలుంటే మంట. గాలి చొరని డబ్బాలో పెడితే రెండు వారాలు ఉంటుంది. మళ్ళీ జిగురైతే పొడి మైదా ఒక చెంచా వేసి పిసకండి, నీళ్ళు తగలనివ్వద్దు.

నోట్లో పెట్టుకునే పిల్లలకి ఇందులో ఉప్పు చాలా ఎక్కువ. నాలిక తగిలితే ఉమ్మేస్తారు, కానీ ముద్దలు ముద్దలుగా మింగితే ప్రమాదం. వాళ్ళకి చపాతీ పిండి ఇవ్వండి. ఆ పూటకి పారేస్తే సరి.

కాలవగట్టు
నిమ్మరసం సంగతి తెలియదు, రేపే చేస్తా. నల్లరేగడి గారూ, అసలు మట్టే వాడొచ్చు కదా? గుంటూరు వైపు పొలం నుంచి నల్లమట్టి తెచ్చి బొమ్మలు చేయిస్తే అన్నీ పగిలిపోయాయి.

నల్లరేగడి
పగులుతుంది మరి. నల్లరేగడి నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. వేసవిలో పత్తి చేలల్లో కాలు దిగేంత బీటలు ఎందుకొస్తాయో బొమ్మా అందుకే పగులుతుంది. మూడు వంతుల మట్టికి ఒక వంతు జల్లించిన ఇసుక కలపండి. ఇంకా మేలు కుమ్మరి దగ్గర మట్టి, లేదా వినాయక చవితి ముందు బజారులో అమ్మే బంకమట్టి. అప్పుడే ఎక్కువ కొని తడిగోనెలో చుట్టి పెట్టుకుంటే ఏడాదంతా వస్తుంది. గోనె ఆరకుండా చూసుకోవాలి.

మట్టి సరిపడా తడిగా ఉందో లేదో పిల్లలే పరీక్ష చెయ్యొచ్చు. పెన్సిలు లావు పాము చేసి వేలికి చుట్టాలి. బీట పడితే పొడిగా ఉంది, వేలికి అంటుకుపోతే నీళ్ళెక్కువ. బొమ్మకి చెయ్యో తోకో అతికించేటప్పుడు రెండు వైపులా పుల్లతో గీతలు గీకి, పల్చటి మట్టినీళ్ళు రాసి నొక్కాలి. ఊరికే నొక్కితే ఆరగానే ఊడిపోతుంది. ఎక్కడా బొటనవేలి కంటే మందం ఉండకూడదు. మొదటి రోజు తడిగుడ్డ కప్పి, తర్వాత మూడు రోజులు నీడలో. ఎండలో పెడితే పైన ఆరి లోపల తడి ఉంటుంది, చీలుతుంది.

ఏడేళ్ళ పిల్ల కోసం ఇంకొకటి. ఒకేలాంటి గాజు సీసాలు మూడు. ఒకదాంట్లో నల్లరేగడి, ఒకదాంట్లో కృష్ణ ఇసుక, ఒకదాంట్లో పెరటి మట్టి, మూడో వంతు దాకా. మెడ వరకు నీళ్ళు, చిటికెడు సర్ఫు, మూత బిగించి రెండు నిమిషాలు ఊపి కదపకుండా పెట్టాలి. ఇసుక నిమిషంలో దిగుతుంది. పెరటి మట్టి గంటల్లో పొరలు కడుతుంది. నల్లరేగడి నీళ్ళు మర్నాటికీ తేటపడవు. గంట గంటకీ సీసా మీద కాగితం అంటించి గీత గీయమనండి. వాళ్ళకి ఇక మూడు రోజులు పని.

బందరురోడ్డు
పెరటి మట్టి అంటే పిల్లులు తిరిగే చోట తియ్యకండి. రెండు రోజులు ఎండలో పరిచి, జల్లించి ఇవ్వండి. చేతులు సబ్బుతో కడిగించడం, గోళ్ళు కత్తిరించి ఉండటం ముఖ్యం.

గోంగూరకట్ట
ఇంత దూరం ఎందుకు, వంటింట్లోనే సగం బడి ఉంది. నాలుగేళ్ళవాళ్ళకి రెండు గ్లాసులిచ్చి ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి కందిపప్పు ఒంపమనండి. అలవాటయ్యాక పెసలు, తర్వాత బియ్యం, చివరికి నీళ్ళు. గ్లాసు మూడో వంతుకి మించి నింపకూడదు, కింద అంచున్న పళ్ళెం ఉండాలి. ఒలికితే ఎత్తుకోవడం కూడా ఆ పనిలో భాగమే. గోంగూర ఆకులు కాడల నుంచి తుంచడం, ఉడికిన వేరుశనక్కాయలు ఒలవడం, నిమ్మకాయ పిండటం. వేళ్ళకి ఈ బలం వస్తేనే పెన్సిలు నిలుస్తుంది.

వెన్న తియ్యడం కూడా చేయించండి. వెడల్పు మూతి సీసాలో సగానికి మీగడ వేసి వంతులవారీగా ఊపాలి. ఒక్కొక్కరు యాభై లెక్కపెట్టి పక్కవాళ్ళకి అందించాలి. సీసా నిండా వేస్తే లోపల కదలదు, ఎంత ఊపినా వెన్న రాదు. మే నెలలో ఇంకో చిక్కు. మీగడ వేడెక్కి నూనెలా అయిపోతుంది, వెన్న ముద్దకట్టదు. రెండు ఐసు ముక్కలు వేస్తే పది పదిహేను నిమిషాల్లో తేలుతుంది.

కాలవగట్టు
యాభై లెక్క నచ్చింది. లెక్కలకి ఇంకేముంది? నాలుగేళ్ళవాళ్ళు ఇరవై దాకా అప్పజెబుతారు, పదమూడు గింజలు తెమ్మంటే దోసెడు తెస్తారు.

అష్టాచమ్మా
అప్పజెప్పడం పాట, లెక్కపెట్టడం వేరు. ఒక గింజకి ఒక మాట అన్న పొత్తు చేతిలోంచి రావాలి. దానికి వామనగుంటల పీటని మించింది లేదు. పద్నాలుగు గుంటలు, గుంటకి ఒక గింజ వేసుకుంటూ పోవాలి, చెయ్యి నోటికంటే ముందుకి పోనివ్వదు. పీట లేకపోతే గుడ్ల అట్ట పెట్టెలు చాలు. చిన్నవాళ్ళకి గుంటకి రెండేసి గింజలతో ఆరు గుంటలు. పెద్దవాళ్ళకి పద్నాలుగింట్లో ఐదేసి. మొత్తం ఎన్ని గింజలు కావాలో ముందు వాళ్ళే చెప్పాలి.

ఆరేళ్ళు దాటినవాళ్ళకి అష్టాచమ్మా. నాలుగు గవ్వలు, ఐదు గళ్ళు ఐదు వరసలు. నాలుగూ వెల్లకిలా పడితే చమ్మ, 4. నాలుగూ బోర్లా పడితే అష్ట, 8. కాయ కదపబోయే ముందు "ఇల్లు చేరడానికి ఇంకా ఎన్ని కావాలి?" అని ఒక్క ప్రశ్న అడగండి, తీసివేత దానంతట అదే వస్తుంది. గవ్వలు లేకపోతే చింతగింజలు నాలుగు తీసుకుని ఒక వైపు గరుకు గచ్చు మీద తెల్లగా అరగదీయండి. ఆ అరగదీసే పని కూడా పిల్లలదే, అరగంట గడిచిపోతుంది.

బందరురోడ్డు
చింతగింజలు ముక్కులో దూర్చుకుంటారండీ. నాలుగేళ్ళవాళ్ళు ఇద్దరున్నారు.

అష్టాచమ్మా
నిజమే. వాళ్ళకి చింతగింజలు వద్దు, పెద్ద సైజు చొక్కా గుండీలో సీసా మూతలో ఇవ్వండి. ఎవరికైనా సరే ఇరవై ఇచ్చి ఇరవై తిరిగి లెక్కపెట్టి డబ్బాలో వేయించాలి. లెక్క తగ్గితే మీకు వెంటనే తెలుస్తుంది, పిల్లలకి రోజూ ఒక లెక్క.

పటమట_అమ్మమ్మ
అక్షరాల మాట ఎవరూ ఎత్తలేదేం? పళ్ళెంలో బియ్యప్పిండి పోసి వేలితో రాయించండి.

చింతపిక్క
బియ్యప్పిండి ఫ్యాను గాలికి లేస్తుందండీ, విజయవాడలో ఫ్యాను ఆపి కూర్చోబెట్టలేం కదా. ఉప్పు వానాకాలంలో చెమ్మగిల్లి గట్టిపడుతుంది. బొంబాయి రవ్వ సరిపోతుంది, పురుగు పట్టకుండా వారానికోసారి మార్చాలి. లేదా కడిగి ఆరబెట్టి సన్న జల్లెడ పట్టిన ఇసుక. పళ్ళెం అడుగున ముదురు రంగు కాగితం వేసి, పైన చిన్న వేలి గోరు మందం మాత్రమే పొయ్యాలి. లోతుగా పోస్తే గీత రెండు వైపుల నుంచీ పూడిపోతుంది, అక్షరం కనబడదు. పిల్లవాడు తనకి రావట్లేదనుకుంటాడు, తప్పు రవ్వది.

వరస కూడా చూసుకోండి. అ ఆ ఇ ఈ లతో మొదలుపెడితే మొదటి అడుగులోనే మెలికలు. ఆకారం దగ్గర దగ్గరగా ఉన్నవి జతలుగా ఇవ్వండి: ర, ఠ. ద, డ. వ, మ. ప, ష. ఒక అక్షరం చేతికొస్తే పక్కది సగం వచ్చినట్టే.

పటమట_అమ్మమ్మ
అ ఆ లు చెవికి, ర ఠ లు చేతికి. రెండూ సమాంతరంగా నడుస్తాయి. ఓనమాలు పాటగా పాడించడం మానకండి.

చింతపిక్క
ఒప్పుకుంటున్నా. గరుకు కాగితం అక్షరాలు కూడా చేసుకోండి. ఇనుప సామాను కొట్లో 120 నంబరు కాగితం అడగండి. 60 నంబరైతే చిన్న వేళ్ళు కందిపోతాయి. అక్షరం ఒక వేలు వెడల్పున కత్తిరించి అట్టకి అతికించాలి. రాసే దారిలోనే రెండు వేళ్ళతో తడమాలి. మొదలుపెట్టే చోట ఎర్ర చుక్క. చూపు, స్పర్శ, శబ్దం మూడూ కలిపిన ఈ పద్ధతి ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరిది. ఆవిడ 1939లో మద్రాసు అడయారు వచ్చి ఇక్కడి ఉపాధ్యాయులకి శిక్షణ ఇచ్చారు కూడా.

పారాణి
రంగుల పని ఒకటి చెప్తా. పది శంఖుపూలు, గ్లాసుడు వేడినీళ్ళు, పావుగంట. చిక్కటి నీలం. ఆరు చిన్న గిన్నెల్లో పోసి నిమ్మరసం, చింతపండు నీళ్ళు, మజ్జిగ తేట, సబ్బు నీళ్ళు, వంటసోడా నీళ్ళు, ఉప్పునీళ్ళు ఒక్కోదాంట్లో వెయ్యండి. పులుపువన్నీ ఊదా, గులాబీ వైపు. సబ్బు, సోడా ఆకుపచ్చ వైపు. ఉప్పు ఏమీ చెయ్యదు, ఆ ఏమీ చెయ్యకపోవడం కూడా పట్టికలో రాయాలి. పూలు ఎప్పుడూ దొరకవు కనుక నీళ్ళు తీసి ఐసు ట్రేలో గడ్డకట్టించుకోండి.

పసుపు కాగితం ఇంకా తేలిక. చెంచాడు పసుపు, నాలుగు చెంచాల శానిటైజరు కలిపి తెల్లకాగితానికి పూసి ఆరబెట్టాలి. నీళ్ళలో కలిపితే పసుపు కరగక మరకలు మరకలుగా వస్తుంది. శానిటైజరు మంట అంటుకునే సరుకు, పెద్దవాళ్ళు చేసి ఆరాకే పిల్లలకివ్వాలి. దానిమీద సోడా నీళ్ళతో బొమ్మ వేస్తే ఎర్రగా తేలుతుంది, నిమ్మరసం రాస్తే మళ్ళీ పసుపు. పారాణి ఎందుకెర్రనో పిల్లలకి అర్థమవుతుంది.

గోంగూరకట్ట
సున్నం వేస్తే ఇంకా ఎర్రగా వస్తుంది కదా?

పారాణి
వస్తుంది, పిల్లల చేతికి మాత్రం ఇవ్వకండి. కంట్లో పడితే సున్నం గుడ్డుని కాల్చేస్తుంది. బట్టల సోడా కూడా వద్దు.

కాలవగట్టు
మిరపగింజలు మొలకెత్తించాలని ఆరేళ్ళవాడు పట్టుబట్టాడు. గుంటూరు వాడు మరి.

నల్లరేగడి
మొలవడానికి వారం నుంచి రెండు వారాలు, అప్పటికి గ్లాసుని మర్చిపోతాడు. పైగా ఎండుమిరప గింజలు పట్టుకున్న చెయ్యి కళ్ళకి పోతుంది. మిరపని మీరే కుండీలో వేసి పక్కన పెట్టండి. వాడికి పెసలు ఇవ్వండి, రెండో రోజుకి తెల్లటి మొలక. నాలుగు గ్లాసులు: తడిదూది మీద పెసలు, పొడిదూది మీద పెసలు, ఉడికించిన పెసలు, పెసరపప్పు. ఏది మొలుస్తుందో ముందే బొమ్మ గీసి పెట్టాలి. దూది తడిగా ఉండాలి, నీళ్ళు నిలవకూడదు. గింజ మునిగితే కుళ్ళి వాసనొస్తుంది. నీళ్ళు పొయ్యడానికి గ్లాసు కాదు, చుక్కల మందు సీసా ఇవ్వండి.

కృష్ణలంక
విజయవాడలో ఉండి బ్యారేజీ చేయించకపోతే ఎలా? పొడుగాటి ప్లాస్టిక్ తొట్టి, ఒక చివర కింద రెండు వేళ్ళ ఎత్తు పెట్టండి. మధ్యలో బంకమట్టి గోడ, గోడలో స్కేలు పట్టేంత సందు, అదే గేటు. గోడకి ఎగువన పక్కకి సగానికి చీల్చిన గొట్టం ఒకటి వాలుగా పెడితే కాలవ. గేటు దించితే నీటిమట్టం లేచి కాలవలోకి ఎక్కుతుంది, ఎత్తితే కాలవ ఎండిపోతుంది. బ్యారేజీ పని అదే, నీటిని రెండు వైపులా కాలవలకి ఎక్కించడం. మాటల్లో చెబితే పెద్దవాళ్ళకే తెలియదు, తొట్టిలో ఐదేళ్ళవాడికి తెలుస్తుంది. తొట్టి పొడిగా ఉన్నప్పుడే మట్టి నొక్కాలి. తడి ప్లాస్టిక్ మీద పట్టు ఉండదు, నీళ్ళు పొయ్యగానే గోడ జారుతుంది. తర్వాత ప్రకాశం బ్యారేజీకి తీసుకెళ్ళి గేట్లు లెక్కపెట్టించండి, 70 ఉండాలి. 1957లో కట్టడం పూర్తయింది.

అష్టాచమ్మా
పద్నాలుగు గుంటల్లో ఐదేసి గింజలు వేసినా 70 అవుతుంది. గేటుకో గింజ పట్టుకెళ్ళి, దాటిన ప్రతి గేటుకీ ఒకటి సంచిలో వేసుకుంటే లెక్క తప్పదు.

కృష్ణలంక
ఇంకొకటి, తేదీ చూసుకుని చెయ్యాల్సింది. మన అక్షాంశం 16.5 డిగ్రీలు, కాబట్టి సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు: మే 6, 7 తేదీల ప్రాంతంలో, ఆగస్టు 6, 7 తేదీల ప్రాంతంలో. మేలో 12 దాటిన నాలుగైదు నిమిషాలకి, ఆగస్టులో 12:13 ప్రాంతంలో నిటారుగా నిలబెట్టిన సీసా నీడ మాయమవుతుంది. ఎండ కనుక మూడు నిమిషాలు చూసి లోపలికి రావాలి. ఆగస్టులో మబ్బు పట్టొచ్చు. అంతకుముందు వారం నుంచే పొద్దున 8కి, 9కి, 10కి నీడ చివర సుద్దముక్కతో గుర్తు పెట్టిస్తూ ఉంటేనే ఆ రోజు విలువ తెలుస్తుంది.

కాలవగట్టు
అందరి మాటలూ కలిపి వచ్చే వారానికి ఇలా రాసుకున్నా. వారమంతా ఒకే సామాను: మట్టి. నాలుగేళ్ళవాళ్ళు పాములు చుట్టి వేలి పరీక్ష, ఐదారేళ్ళవాళ్ళు బొమ్మలు అతికించడం, ఏడేళ్ళ పిల్ల సీసాల మీద గీతలు. పక్క బల్ల మీద పప్పు ఒంపే పళ్ళేలు రోజూ. సరేనా?

పటమట_అమ్మమ్మ
సరే. ఆరుగురికీ ఆరు పళ్ళేలుండాలి, మధ్యలో ఒకే గిన్నె పెడితే గొడవ. కానీ నీళ్ళ చెంబు ఇద్దరికి ఒకటే పెట్టండి, అడిగి తీసుకోవడం రావాలి. సీసాల దగ్గరికి నాలుగేళ్ళవాళ్ళు వెళ్ళి చూడాలనుకుంటే వెళ్ళనివ్వండి, గీత మాత్రం పెద్దపిల్లే గీయాలి.

నల్లరేగడి
గాజు సీసాల కింద తడిగోనె వెయ్యండి, జారవు. మట్టి కడిగిన నీళ్ళు సింకులో పొయ్యకండి, గొట్టం పూడుకుపోతుంది. బకెట్లో పోసి, మర్నాడు పైనీళ్ళు మొక్కలకి ఒంపి, అడుగు మట్టి మళ్ళీ గోనెలోకి.